అపెలిన్ తగ్గిందట, అయితే?

గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పగానే ఇంట్లో ఎవరో ఒకరు అడిగే మాట ఒకటుంది: "బలానికి ఏమైనా ఇవ్వరా?" రక్తం తక్కువైతే ఐరన్ మాత్ర, ఎముకలు గుల్లబారితే కాల్షియం, నీరసమైతే సెలైన్ బాటిల్. తక్కువైనదాన్ని నింపడమే వైద్యమని మన మనసుల్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. చాలా చోట్ల అది నిజం కూడా. థైరాయిడ్ హార్మోను తగ్గినవాళ్ళకు ఆ హార్మోనునే మాత్రగా ఇస్తారు, ఇన్సులిన్ లేనివాళ్ళకు ఇన్సులిన్‌నే ఇంజెక్షన్‌గా ఇస్తారు. గుండె వైఫల్యం, అంటే గుండె ఒంటికి చాలినంత రక్తాన్ని పంపలేని స్థితి, దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క ఘోరంగా తప్పింది. ఘోరంగా అని ఊరికే అనడం లేదు. ఆ తప్పును ప్రాణాల్లో లెక్కపెట్టి మరీ అచ్చువేశారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో బయోకెమిస్ట్రీ చెబుతాను. డాక్టరును కాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మా బంధువుల్లోనూ మా వీధిలోనూ ఎవరికి రక్తపరీక్ష జరిగినా రిపోర్టు ఫొటో ముందు నా ఫోనుకే వస్తుంది. మా పెదనాన్నకు డెబ్బై దాటాయి. చిత్తూరు పక్క పల్లెలో చెరకు, మామిడి పండించిన మనిషి. కొన్నేళ్ళ క్రితం గుండెపోటు వచ్చి తగ్గింది, కానీ గుండె కండరంలో కొంత భాగం చచ్చుబడింది. అప్పటి నుంచి ఆయాసం, కాళ్ళ వాపు, తిరుపతిలో కొడుకు ఇంట్లో మకాం. ఆ కొడుకు, అంటే మా అన్నయ్య, నాకు ఒక వార్త పంపాడు. గుండెను గట్టిగా కొట్టుకునేలా చేసే అపెలిన్ అనే పదార్థం గుండె వైఫల్యం ఉన్నవాళ్ళ రక్తంలో తక్కువగా ఉంటుందని శాస్త్రవేత్తలు కనుగొన్నారట. వెనకే ఫోను చేశాడు. "అమ్మాయ్, ఈ పరీక్ష మన ఊళ్ళో ఎక్కడ చేస్తారు? నాన్నకు తక్కువుంటే పెంచే మందేదైనా తెప్పిద్దాం."

ఆ వార్త అబద్ధం కాదు. అబద్ధమైతే ఒక్క మాటతో తేలిపోయేది. సగం నిజమైన ఇలాంటి వార్తలతోనే చిక్కు.

అపెలిన్ కంటే ముందు అది అంటుకునే గ్రాహకం, అంటే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్, దొరికింది. 1993లో కెనడాలోని టొరంటోలో ఓడౌడ్ బృందం కణాల పైపొర మీద ఉండే ఒక కొత్త గ్రాహకాన్ని గుర్తించింది. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ గ్రాహకానికీ దీనికీ దగ్గరి పోలికలున్నాయి, కానీ యాంజియోటెన్సిన్ దీనికి అంటుకోదు. ఏపీజే అని పేరైతే పెట్టారు గానీ, దీనికి అంటుకునేది ఏదో తెలియక ఐదేళ్ళపాటు అనాథ గ్రాహకాల జాబితాలో ఉంచారు. 1998లో జపాన్‌లో కజుహికో తాతెమోతో బృందం ఆవు జీర్ణాశయం నుంచి తీసిన సారంలో ఆ పదార్థాన్ని పట్టుకుంది. గుండెకు ఊపునిచ్చే పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, ఆవు పొట్టలో దొరకడం విచిత్రమే, కానీ హార్మోన్ల చరిత్ర నిండా ఇలాంటివే. శరీరంలో మొదట 77 అమైనో ఆమ్లాల పొడవున్న గొలుసుగా తయారై, తర్వాత 36, 17, 13 అమైనో ఆమ్లాల ముక్కలుగా తెగుతుంది. పొట్టి ముక్కలే చురుకైనవి.

2002లో ఫిన్లాండ్ పరిశోధకులు ఎలుక గుండెను బయటికి తీసి, కొట్టుకుంటూ ఉండగానే అందులోకి అపెలిన్ పంపి చూశారు. అతి తక్కువ మోతాదుకే గుండె ముడుచుకునే బలం పెరిగింది. శరీరంలో సహజంగా తయారయ్యే పదార్థాల్లో ఇంత శక్తిమంతంగా గుండెను ప్రేరేపించేవి అరుదని తేల్చారు. 2007లో అపెలిన్ జన్యువు లేని ఎలుకలను పెంచి చూస్తే, వయసు మీదపడేకొద్దీ వాటి గుండె బలం తగ్గిపోయింది. బయటి నుంచి అపెలిన్ ఇస్తే కోలుకుంది. పైగా ఇది రక్తనాళాలను వదులు చేస్తుంది. అంటే గుండెను గట్టిగా కొట్టించడంతోపాటు అది మోయాల్సిన బరువునూ తగ్గిస్తుంది. ఇంతవరకు చదివితే మా అన్నయ్యకే కాదు, ఎవరికైనా ఆశ పుడుతుంది. మరి రోగుల రక్తంలో అపెలిన్ ఎంత ఉంది?

ఇక్కడి నుంచి కథ మసకబారుతుంది. 2003లో స్టాన్‌ఫర్డ్ బృందం ప్రచురించిన ఫలితాల ప్రకారం గుండె వైఫల్యం తొలి దశలో రక్తంలో అపెలిన్ పెరుగుతుంది, జబ్బు ముదిరాక పడిపోతుంది. అదే పరిశోధనలో, గుండెకు సాయంగా యాంత్రిక పంపు అమర్చిన రోగుల గుండె కండరాన్ని పంపుకు ముందూ తర్వాతా పోల్చారు. వేల జన్యువులను పరిశీలిస్తే, అన్నిటికంటే స్పష్టంగా చురుకు పెరిగింది ఏపీజే జన్యువే. 2006లో వచ్చిన మరో అధ్యయనం దీర్ఘకాలిక గుండె వైఫల్యంలో అపెలిన్ తక్కువగా ఉందని చెప్పింది. అన్నయ్యకు చేరిన వార్త బహుశా ఇలాంటి అధ్యయనం నుంచి పుట్టిందే. అదే ఏడాది బోస్టన్‌లో ఆయాసంతో అత్యవసర విభాగానికి వచ్చిన 599 మందిని పరీక్షించారు. వారిలో 209 మందికి అప్పటికప్పుడు ముదిరిన గుండె వైఫల్యం ఉంది. ఆ జబ్బును గుర్తించడానికి గానీ, ఆ రోగి ముందుముందు ఎలా ఉంటాడో చెప్పడానికి గానీ అపెలిన్ అంకె అక్కరకు రాలేదు. పక్కనే కొలిచిన ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె ఒత్తిడికి లోనైతే రక్తంలో పెరిగే పదార్థం, దీని గురించి తర్వాత చెబుతాను) మాత్రం జబ్బును గుర్తించడంలో చక్కగా పనికొచ్చింది. గుండె బలహీనత ఏమీ లేకుండా కేవలం గుండె లయ తప్పినవాళ్ళలోనూ అపెలిన్ తక్కువగా ఉన్నట్టు ఇంకో అధ్యయనం చెప్పింది. అలాంటప్పుడు అంకె తగ్గింది అన్నదాన్ని బట్టి ఏ జబ్బని చెప్పగలం?

అసలు కొలవడమే కష్టం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే రిపోర్టు కాగితం మీద అచ్చయిన అంకె ఎలా పుట్టిందో దాదాపు ఎవరూ అడగరు.

అపెలిన్ రక్తంలో కొన్ని నిమిషాలకు మించి నిలవదు. ఏసీఈ2 అనే ఎంజైము దాని చివరి అమైనో ఆమ్లాన్ని తుంచేస్తుంది. కోవిడ్ రోజుల్లో వైరస్ కణాల్లోకి దూరే ద్వారమని పత్రికలన్నీ రాసిన ఏసీఈ2యే ఇది. రక్తం తీశాక గొట్టంలో కూడా ఈ తుంచివేత ఆగదు. కాబట్టి నమూనా తీసిన వెంటనే చల్లబరచారా, ఎంజైములను ఆపే రసాయనం కలిపారా, ఎంతసేపటికి ప్లాస్మా వేరుచేశారు అన్నవాటిని బట్టి అంకె మారిపోతుంది. ఉదయం తొమ్మిదింటికి తీసిన గొట్టం మధ్యాహ్నం దాకా బల్లమీదే ఉంటే, దానిలో మీరు కొలిచేది అపెలిన్‌ను కాదు, ఆ ల్యాబులో పని ఎంత నెమ్మదిగా నడుస్తుందో దాన్ని. రెండోది, పరీక్ష కిట్లలో అపెలిన్‌ను పట్టుకోవడానికి వాడే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు). ఒక కిట్ 36 ముక్కను బాగా పట్టుకుంటుంది, ఇంకొకటి 13నూ 17నూ కలిపి పట్టుకుంటుంది, మరొకటి పనిచేయని తునకలను కూడా లెక్కలో వేస్తుంది. అందుకే ఒక అధ్యయనంలో మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో ఉన్న విలువ మరో అధ్యయనంలో నానోగ్రాముల్లో కనిపిస్తుంది. నానోగ్రాము అంటే వెయ్యి పికోగ్రాములు. ఇంత తేడా ఉన్నచోట "సాధారణ పరిమితి" అని ఒక గీత ఎక్కడ గీస్తారు?

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. అపెలిన్ పుట్టిన చోటే పనిచేసే పదార్థం. గుండెలోనో రక్తనాళాల లోపలి పొరలోనో తయారై, పక్క కణం మీదున్న గ్రాహకానికి అంటుకుని పని ముగిస్తుంది. రక్తంలోకి చేరేది అలా అయిపోగా పొంగి పొర్లిన కాస్తే. పైగా అది గుండె నుంచే వచ్చిందని కూడా చెప్పలేం. కొవ్వు కణాలు కూడా అపెలిన్‌ను తయారు చేస్తాయని 2005లో ఫ్రాన్స్‌లోని తులూజ్ పరిశోధకులు చూపించారు. ఊబకాయం ఉన్నవాళ్ళ రక్తంలో ఇది ఎక్కువగానే ఉంటుంది. అంటే బొజ్జ ఉన్న మనిషికి అపెలిన్ బాగుందని రిపోర్టు వస్తే, అభినందించాల్సింది గుండెనా, బొజ్జనా?

సరే, కొలత సమస్యలన్నీ రేపు తీరాయనుకుందాం. నిజంగానే తక్కువ ఉందని తేలిందనుకుందాం. తక్కువ ఉంది కాబట్టి నింపాలి అన్న ముగింపుకు అయినా చేరగలమా? గుండె వైఫల్యం చరిత్రే చేరలేమని చెబుతోంది.

గుండె పంపు చేసే శక్తి తగ్గగానే శరీరం ఊరుకోదు. నరాల నుంచి నారెడ్రినలిన్ వెల్లువెత్తుతుంది. గుండెను వేగంగా, గట్టిగా కొట్టించే సహజ ప్రేరకం అదే. 1984లో అమెరికాలో జే కోన్ బృందం 106 మంది గుండె వైఫల్య రోగుల రక్తంలో నారెడ్రినలిన్‌ను కొలిచింది. అది ఎంత ఎక్కువుంటే ఆ మనిషి అంత త్వరగా చనిపోయే ముప్పు కనిపించింది. గుండెను ప్రేరేపించేది రక్తంలో పుష్కలంగా ఉంది, మనిషి మాత్రం నిలవడం లేదు. "బలానికి ఏమైనా ఇవ్వరా" అన్న ప్రశ్నకు జవాబు అప్పుడే సగం దొరికింది. కానీ ఆ జవాబు వైద్యలోకం చెవికెక్కడానికి సమయం పట్టింది.

ఎందుకంటే అదే కాలంలో గుండెను గట్టిగా ముడుచుకునేలా చేసే మాత్రలు వచ్చాయి. వాటిలో మిల్రినోన్ పేరుగాంచింది. వేసుకోగానే పంపింగ్ మెరుగుపడేది, రోగికి ఊపిరి ఆడేది, డాక్టరుకు సంతోషం. దీర్ఘకాలం వాడితే ఏమవుతుందో చూద్దామని 1,088 మంది ముదిరిన రోగుల మీద ప్రామిస్ అనే అధ్యయనం పెట్టారు. 1991లో ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే మిల్రినోన్ వేసుకున్నవాళ్ళలో మరణాలు 28 శాతం ఎక్కువ. అందరికంటే బలహీనంగా ఉన్న నాలుగో దశ రోగుల్లో, అంటే బలం అందరికంటే ఎక్కువ అవసరమనుకున్నవాళ్ళలో, 53 శాతం ఎక్కువ. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. వెస్నారినోన్ అనే ఇంకో మందు 3,833 మంది మీద జరిగిన పరీక్షలో 1998లో ఇదే దారి పట్టింది. నేను ముందు ప్రాణాల లెక్క అన్నది ఇదే.

పెదనాన్నకు ఈ సంగతి వివరించబోతే ఆయనే నాకు పాఠం చెప్పారు. "మన కయ్య దగ్గర బోరులో నీళ్ళు తగ్గితే మీ చిన్నతాత ఏం చేసినాడు? అయిదు హార్స్‌పవర్ మోటారు తీసి పది పెట్టినాడు. నాలుగు దినాలు ధారగా పోసింది. అయిదో దినం వైండింగ్ కాలిపోయింది. బోరులో నీళ్ళెక్కడున్నాయి, మోటారు పెద్దదైతే మాత్రం?" నేను పాఠ్యపుస్తకంలో రెండు పేజీల్లో చదివింది అది. ప్రేరకం పడిన ప్రతిసారీ గుండె కణాల్లోకి కాల్షియం వరదలా వస్తుంది. ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. రక్తం చాలక అప్పటికే అలసిన కండరం ఇంకా అలసి, కణాలు చచ్చి, ఒక్కోసారి లయ తప్పి ఆగిపోతుంది.

దీనికి తలకిందులైన వైద్యం స్వీడన్ నుంచి వచ్చింది. 1975లోనే గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్, ఆయన సహచరులు ఏడుగురు రోగులకు బీటా బ్లాకర్లు ఇచ్చి మెరుగైనట్టు రాశారు. అంటే నారెడ్రినలిన్ పనిని అడ్డుకుని గుండెను నెమ్మదింపజేసే మందు. బలహీనపడిన గుండెను ఇంకా మందగింపజేస్తారా అని అందరూ విడ్డూరంగా చూశారు. గుండె వైఫల్యంలో బీటా బ్లాకర్లు నిషిద్ధమని ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. చివరికి 1999లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఒకటి బిసోప్రొలాల్ మీద 2,647 మందితో, రెండోది మెటోప్రొలాల్ మీద 3,991 మందితో. రెండింటిలోనూ మరణాలు 34 శాతం తగ్గాయి. ఈ రోజు పెదనాన్న ఉదయం వేసుకునే మాత్రల్లో మెటోప్రొలాల్ ఒకటి. "ఇది గుండెను నెమ్మది చేసే మాత్ర కదా, ఆయనకు ఎందుకిచ్చారు?" అని మా వదిన అడిగింది ఎంత సహజమైన ప్రశ్నో, దానికి జవాబు చెప్పడానికి ప్రపంచానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

ప్రేరకాలన్నీ విషమని నేను అనడం లేదు. ఐసీయూలో రక్తపోటు పడిపోయి మనిషి జారిపోతున్నప్పుడు డోబుటమిన్, మిల్రినోన్ ఇప్పటికీ సెలైన్‌లో ఎక్కిస్తారు, అవి ఆ గంటలను దాటిస్తాయి. విలియం విథరింగ్ 1785లో పుస్తకం రాసిన డిజిటాలిస్ ఆకు వారసుడు డిగాక్సిన్ కూడా ఇంకా ఉంది. 6,800 మంది మీద జరిగిన 1997 నాటి పరీక్షలో అది మరణాలను తగ్గించలేదు, పెంచలేదు, ఆసుపత్రిలో చేరడాలను మాత్రం తగ్గించింది. కాల్షియం జోలికి పోకుండా నేరుగా కండర ప్రోటీన్ మీద పనిచేసే ఒమెకామ్టివ్ అనే మందు 8,256 మందిలో కొద్దిపాటి మేలు చేసింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు ఆ మేలు చాల్లేదు, 2023లో అనుమతి నిరాకరించింది.

ఇప్పుడు అంకెల విషయంలో మన ఇళ్ళలో తెలిసిన పెప్టైడ్‌కు వద్దాం. బీఎన్‌పీ, దాని జంట ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. 1981లో కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ ఎలుక గుండె పై గదుల సారాన్ని వేరే ఎలుకల్లోకి ఎక్కిస్తే అవి ఉప్పునూ నీళ్ళనూ మూత్రంలో బోలెడంతగా వదిలేశాయి. గుండె ఒట్టి పంపు కాదు, హార్మోను గ్రంథి కూడా అని తెలిసింది అప్పుడే. 1988లో జపాన్ పరిశోధకులు దాని చుట్టమైన బీఎన్‌పీని పంది మెదడులో కనుగొన్నారు, కానీ మనిషిలో దాని ప్రధాన ఉత్పత్తిస్థానం గుండె కింది గదులు. ఆ గదులు సాగి ఒత్తిడికి లోనైతే ఇది ఎక్కువగా వస్తుంది. ఒంట్లో చేరిన నీటిని బయటికి పంపే మంచి హార్మోను ఇది. రక్తంలో ఇది పెరిగిందంటే గుండె కష్టంలో ఉందని అర్థం, అంతే తప్ప ఇదే కష్టానికి కారణమని కాదు.

ఇక్కడ ఒక్కసారి ఆగి చూడండి. నారెడ్రినలిన్ పెరిగింది, దాన్ని అడ్డుకుంటే మనుషులు బతికారు. బీఎన్‌పీ పెరిగింది. దీన్నీ అడ్డుకుందామా? వద్దు, ఇది మేలు చేసేది. అయితే ఇంకా ఎక్కువ పోద్దామా? పోశారు. నెసిరిటైడ్ పేరుతో బీఎన్‌పీనే ఇంజెక్షన్‌గా తయారు చేసి 2001లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నారు. 7,141 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మరణాలూ తగ్గలేదు, ఆసుపత్రికి తిరిగి రావడాలూ తగ్గలేదు, ఆయాసంలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆపితే? నెప్రిలైసిన్ అనే ఆ ఎంజైమును ఆపే సాకుబిట్రిల్‌ను వాల్సార్టాన్ అనే రక్తపోటు మందుతో జతచేసి 8,399 మందికి ఇచ్చి చూశారు. 2014లో తేలింది: పాత మందు ఎనలాప్రిల్ కంటే గుండె జబ్బు మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి 20 శాతం తక్కువ. ఒకే పెప్టైడ్, రెండు దారులు, రెండు ఫలితాలు. రక్తంలో అంకెను మాత్రమే చూస్తూ కూర్చున్నవాడు దీన్ని ముందే ఊహించి చెప్పగలడా? నేను చెప్పలేను. ఆ రంగంలో తలపండినవాళ్ళూ చెప్పలేకపోయారు, అందుకే వేలమందిని పెట్టి పరీక్షించారు.

ఇదంతా ఇంటికి ఎలా వస్తుందో చెబుతాను. మా వీధి చివర ఒకాయనకు ఆ సాకుబిట్రిల్ మాత్ర మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు ఆయన కొడుకు సొంతంగా ఒక ప్రైవేటు ల్యాబులో బీఎన్‌పీ చేయించాడు. పెరిగింది. మందు వికటించిందని ఇల్లంతా గోల, మాత్ర మానేద్దామని నిర్ణయం. నిజానికి బీఎన్‌పీని విరగ్గొట్టే ఎంజైమును ఆపే మాత్ర అది, బీఎన్‌పీ పెరగడం దాని పనిలో భాగం. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు చూడాల్సింది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఎందుకంటే ఆ ఎంజైము దాన్ని ముట్టుకోదు. రిపోర్టులో ఎర్ర అక్షరాలు అచ్చువేసిన ల్యాబు ఈ ముక్క ఒక్క వాక్యంలో రాయొచ్చు. రాయదు. వేలల్లో డబ్బు తీసుకుని అంకె చేతిలో పెట్టి పంపిస్తుంది, దానికి అర్థం చెప్పే పని వాట్సాప్‌కు వదిలేస్తుంది. ఇదే అంకె ఊబకాయులలో తక్కువగా కనిపిస్తుందనీ, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళలో, లయ తప్పినవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుందనీ కూడా ఎక్కడా ఉండదు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అంకెను లక్ష్యంగా పెట్టుకుని మందులు పెంచుకుంటూ పోతే మేలేమో అని 894 మంది మీద ఒక పరీక్ష జరిగింది. మామూలుగా రోగిని చూసి చేసే మంచి వైద్యం కంటే అది ఏమీ మెరుగు కాదని 2017లో తేలింది. ఆయాసం గుండె వల్లా ఊపిరితిత్తుల వల్లా అని తేల్చుకోవడానికి ఆ పరీక్ష అద్భుతంగా పనికొస్తుంది. ప్రతి నెలా చేయించి ఇంట్లో గ్రాఫు గీసుకోవడానికి కాదు.

"అయితే అపెలిన్ పరిశోధన దండగా?" అని అన్నయ్య కాస్త కోపంగానే అడిగాడు. కాదు. ఎడిన్‌బరోలో 2010లో గుండె వైఫల్యం ఉన్న మనుషులకే అపెలిన్‌ను రక్తనాళంలోకి ఎక్కించి చూశారు. రక్తనాళాలు వదులయ్యాయి, గుండె పంపే రక్తం పెరిగింది. ఇది నిజమైన ఆశ. పాత ప్రేరకాల్లా గుండెను అదరగొట్టకుండా ఇది పనిచేయవచ్చని నమ్మే పరిశోధకులు ఉన్నారు, వాళ్ళ వాదనలో పస ఉంది. కానీ కొన్ని నిమిషాల్లో కరిగిపోయేదాన్ని రోజూ ఎలా ఇస్తారు? అందుకే అదే గ్రాహకాన్ని తట్టే మాత్రలు తయారుచేయడం మొదలుపెట్టారు. అలాంటి వాటిలో అజెలాప్రాగ్ అనే ఒకదాన్ని గుండె వైఫల్య రోగులకు ఇస్తే చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. తర్వాత దాన్నే ఊబకాయం మందుగా పరీక్షించబోతే కొందరికి కాలేయ ఎంజైములు పెరిగి 2024 డిసెంబరులో ఆపేశారు. తలుపు మూసుకుపోలేదు, వేరే అణువులు వస్తాయి. వచ్చినప్పుడు వాటి గురించి నేను అడగబోయేది రక్తంలో అపెలిన్ ఎంత పెరిగిందని కాదు. ఎంతమంది బతికారు, ఎన్ని రాత్రులు ఆసుపత్రిలో పడుకున్నారు, ఎన్ని మెట్లు ఎక్కగలిగారు.

మెట్లు అంటే తిరుపతిలో అందరికీ అర్థమయ్యే కొలత. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. గుండె జబ్బులున్నవాళ్ళు నడకదారిన రావద్దని టీటీడీయే చెబుతుంది. పెదనాన్న ఒకప్పుడు మోకాళ్ళ పర్వతం కూడా ఆగకుండా ఎక్కిన మనిషి. ఇప్పుడు ఇంటి మొదటి అంతస్తుకు ఒకసారి ఆగుతారు. ఆ ఆగడం రెండుసార్లయితే ఏదో తేడా వచ్చినట్టే, ఏ రిపోర్టూ అక్కర్లేదు. ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం శాతం) ముప్పై అని వచ్చిన రోజు మా వదిన గుండెలో ముప్పై వంతులే మిగిలిందనుకుని ఏడ్చింది. ఆరోగ్యవంతుల గుండె కూడా తనలో నిండిన రక్తంలో 55 నుంచి 70 శాతమే బయటికి తోస్తుందని, నూరు ఎవరికీ ఉండదని చెబితే కాస్త కుదుటపడింది.

అన్నయ్య ఇంట్లో ఇప్పుడు బాత్రూం తలుపు పక్కన బరువు తూచే యంత్రం ఉంటుంది. పొద్దున్నే, కాఫీకి ముందు, పెదనాన్న ఒకే రకం లుంగీతో దాని మీద నిలబడతారు. అన్నయ్య కొడుకు క్యాలెండరు మీద పెన్సిలుతో అంకె రాస్తాడు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. అప్పుడు డాక్టరుకు ఫోను, ఆయన చెబితే నీరు మాత్ర పెంచడం. పాదం పైన ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలితే గుంట పడుతుందా, రాత్రి ఒక దిండు చాలుతుందా లేక రెండు కావాలంటున్నారా, అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర కూర్చుంటున్నారా. ఇవి చూడటానికి ఖర్చు లేదు, అందుకే కాబోలు వీటి మీద ఎవరికీ గౌరవం లేదు. ఉప్పు సంగతి మాత్రం ఇంకా యుద్ధమే. రోజుకు ఐదు గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే చెబుతుంది. సంగటిలోకి ఊరబెట్టిన మిరపకాయ లేకపోతే అన్నం ముట్టని మనిషికి ఆ మాట ఎవరు చెప్పాలి?

రక్తపరీక్షల్లో నిజంగా భయపడాల్సినవి రెండున్నాయి, అవి పాతవి, చవకవి. పెదనాన్నకు స్పైరనోలాక్టోన్ ఇస్తున్నారు. 1999లో 1,663 మంది మీద జరిగిన పరీక్షలో మరణాలను 30 శాతం తగ్గించిన మాత్ర అది. దానితో ఇబ్బంది ఏమిటంటే ఒంట్లో పొటాషియంను నిలబెడుతుంది. వాల్సార్టాన్ కూడా కొంత నిలబెడుతుంది. మూత్రపిండాలు కాస్త మందగిస్తే పొటాషియం ఇంకా పెరిగి, ఏ హెచ్చరికా లేకుండా గుండె లయ తప్పవచ్చు. ఇలాంటి మనిషికి మే నెల ఎండలో, మంచిదని, అన్నయ్య రోజూ రెండు కొబ్బరి బోండాలు తెచ్చి ఇస్తున్నాడు. కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే. అపెలిన్ పరీక్ష ఎక్కడ చేస్తారో వెతికే కొడుక్కి, ఫ్రిజ్‌లో ఉన్న బోండాల గురించి చెప్పాల్సి రావడం నాకే ఇబ్బందిగా అనిపించింది, కానీ చెప్పాను. నొచ్చుకున్నాడు. వచ్చే వారం పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈ రెండూ చేయించాలి. అప్పటిదాకా బోండాలు పిల్లలకు.